ప్లేటింగ్ పనికి బయటికి పంపే సరుకుపై జీఎస్టీ: చలాన్ రాయడం నుంచి ఐటీసీ-04 దాఖలు దాకా

బ్రాకెట్లకు జింక్ ప్లేటింగ్, షాఫ్టులకు హార్డ్ క్రోమ్, అల్యూమినియం భాగాలకు ఆనోడైజింగ్, షీట్ మెటల్ పెట్టెలకు పౌడర్ కోటింగ్ బయట చేయించుకునే చిన్న, మధ్యతరహా ఫ్యాక్టరీలు బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లిలోనూ, విజయవాడ, గాజువాక ఆటోనగర్లలోనూ చాలా ఉన్నాయి. ఈ పనికి పన్ను ఎంత అనే ప్రశ్న ఒక్క వాక్యంలో తేలిపోతుంది. నోటీసులు మాత్రం ఎక్కువగా రేటు గురించి రావు. సరుకు ఎప్పుడు పోయింది, ఎంత తిరిగొచ్చింది, మిగతాది ఎక్కడుంది అనే లెక్క కుదరనప్పుడు వస్తాయి. అందుకే ఈ మార్గదర్శిలో రేటుకు తక్కువ చోటు, కాగితాలకు ఎక్కువ చోటు ఇస్తున్నాను.

సరుకు సొంతదారును ఇక్కడ ‘యజమాని’ అనీ, ప్లేటింగ్ లేదా కోటింగ్ చేసిపెట్టే వారిని ‘జాబ్‌వర్కర్’ అనీ వ్యవహరిస్తాను. చలాన్ అంటే అమ్మకుండా బయటికి పంపే సరుకు వెంట వెళ్లే పత్రం. ఐటీసీ-04 అంటే అలా పంపిన, తిరిగొచ్చిన సరుకు లెక్కను జీఎస్టీ పోర్టల్లో చూపే ఫారం.

1. ఇది జాబ్‌వర్క్ అవునో కాదో ముందు తేల్చుకోండి

కేంద్ర జీఎస్టీ (సీజీఎస్టీ) చట్టం సెక్షన్ 2(68) ప్రకారం, జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న మరొకరి సరుకుపై చేసే ఏ ప్రక్రియ అయినా జాబ్‌వర్క్ అవుతుంది. ఇతరుల సరుకుపై చేసే ప్రక్రియను సేవగానే లెక్కించాలని అదే చట్టం షెడ్యూల్ 2 చెబుతుంది. కాబట్టి మూడు ప్రశ్నలు వేసుకుంటే సరిపోతుంది.

- సరుకు ఎవరిది? ప్లేటింగ్ చేసేవారే బోల్టులు కొని, పూత వేసి అమ్మితే అది సరుకు అమ్మకం, జాబ్‌వర్క్ కాదు.
- యజమానికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉందా? లేనివారి సరుకుపై చేసిన పని కూడా పన్ను పడే సేవే. అయితే పన్ను కట్టకుండా సరుకు పంపుకోవడానికి సెక్షన్ 143 ఇచ్చే వెసులుబాటు రిజిస్ట్రేషన్ ఉన్న యజమానికే ఉంటుంది.
- సరుకు యాజమాన్యం మధ్యలో ఎక్కడైనా చేతులు మారుతోందా? మారితే అక్కడ అమ్మకం బిల్లు వేయాలి, చలాన్ చెల్లదు.

జింక్, నికెల్ ఆనోడ్లు, క్రోమిక్ యాసిడ్, పౌడర్ అన్నీ జాబ్‌వర్కరే కొంటాడు గనుక దీన్ని సరుకు అమ్మకంగా చూస్తారేమోనన్న అనుమానం తరచుగా వినిపిస్తుంది. యజమాని ఇచ్చిన సరుకుకు తోడు జాబ్‌వర్కర్ సొంత సరుకు వాడినా అది జాబ్‌వర్కేనని 2018 మార్చి 26 నాటి 38/12/2018 సర్క్యులర్ స్పష్టం చేసింది. కాబట్టి ‘నికెల్ ఖరీదు ఇంత, లేబర్ ఇంత’ అని బిల్లును రెండుగా చీల్చి, రెండింటికీ వేర్వేరు కోడ్లు వేయవలసిన అవసరం లేదు.

2. రేటు, కోడ్, రిజిస్ట్రేషన్

లోహపు పూత పనులు సర్వీస్ కోడ్ 9988 కిందికి వస్తాయి. ఆరంకెల కోడ్ 998873. ప్రత్యేకంగా పేర్కొనని జాబ్‌వర్క్‌కు 2019 అక్టోబర్ 1 నుంచి 12 శాతం ఉన్న రేటు 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం అయింది. ఒకే రాష్ట్రంలో అయితే 9 శాతం కేంద్రానికీ, 9 శాతం రాష్ట్రానికీ పోతుంది. యజమాని రిజిస్ట్రేషన్ వేరే రాష్ట్రంలో ఉంటే 18 శాతం ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య లావాదేవీలపై వేసే జీఎస్టీ) వేయాలి. పని జరిగిన చోటు కాక, యజమాని రిజిస్ట్రేషన్ ఉన్న చోటే ఇక్కడ లెక్కలోకి వస్తుంది గనుక, హోసూరు ఫ్యాక్టరీ సరుకుకు జీడిమెట్లలో పూత వేసినా ఐజీఎస్టీయే పడుతుంది.

పాత 12 శాతం కాలంలో కెమికల్స్, ఆనోడ్లు 18 శాతంతో కొని, బిల్లు 12 శాతంతో వేసిన షాపుల క్రెడిట్ లెడ్జర్లో సొమ్ము పేరుకుపోయింది (క్రెడిట్ అంటే కొనుగోళ్లపై కట్టి, మనం కట్టవలసిన పన్నులోంచి తగ్గించుకోగల పన్ను). ఆ కాలానికి సెక్షన్ 54(3) కింద రిఫండ్ అడగవచ్చు. గడువు మాత్రం సంబంధిత నెల రిటర్ను దాఖలు చేయవలసిన తేదీ నుంచి 2 ఏళ్లే. పైగా ఈ లెక్కలోకి సరుకుపై కట్టిన పన్నే వస్తుంది. అద్దె, ఆడిట్ ఫీజు వంటి సేవలపై కట్టిన పన్ను రాదు.

జాబ్‌వర్క్ సేవే గనుక రిజిస్ట్రేషన్ పరిమితి ఏడాదికి రూ.20 లక్షల టర్నోవర్. సరుకు అమ్మేవారికి కొన్ని రాష్ట్రాల్లో ఉన్న రూ.40 లక్షల పరిమితి ఇక్కడ పనికిరాదు. రూ.50 లక్షల లోపు టర్నోవర్ ఉన్న జాబ్‌వర్కర్ 6 శాతం కాంపోజిషన్ (టర్నోవర్‌పై నేరుగా స్థిర శాతం పన్ను కట్టే పథకం) ఎంచుకోవచ్చు. కానీ ఆ పన్నును యజమాని దగ్గర వసూలు చేయకూడదు, యజమానికి క్రెడిట్ రాదు, వేరే రాష్ట్రానికి సేవ చేయకూడదు. ఫ్యాక్టరీలకు పనిచేసే ప్లేటింగ్ షాపుకు ఇది కలిసిరాదని నా అభిప్రాయం. కెమికల్స్‌పై కట్టిన పన్ను వదులుకుని, ఆ పైన 6 శాతం జేబులోంచి కట్టడం ఎవరికీ గిట్టుబాటు కాదు.

3. సరుకు గేటు దాటే ముందు

ఈ ఏర్పాట్లు ఒక్కసారి చేసుకుంటే ఏడాదంతా పనికొస్తాయి.

- జాబ్‌వర్క్ చలాన్లకు ప్రత్యేక నంబర్ సిరీస్ పెట్టుకోండి. నంబరు 16 అక్షరాలు మించకూడదు. అమ్మకం, శాంపిల్, రిపేరు చలాన్లన్నీ ఒకే పుస్తకంలో కలిపి రాస్తే ఐటీసీ-04 వేసే రోజు తలనొప్పి తప్పదు.
- పర్చేజ్ ఆర్డర్లో పూత రకం, మైక్రాన్ల మందం, ధర కిలోకా, పీసుకా, చదరపు అడుగుకా అన్నది రాయండి.
- తుక్కు ఎవరిది, ఎంత శాతం నష్టం ఒప్పుకుంటారు, పాడైన పీసుకు ఎంత కోత అన్నది అదే ఆర్డర్లో రాయండి.
- ప్రతి పీసుకు సగటు బరువు కొలిచి రిజిస్టర్లో రాసిపెట్టుకోండి. ఇది ఎందుకో ఏడో అంశంలో తెలుస్తుంది.
- పూత అయిన సరుకును జాబ్‌వర్కర్ దగ్గర నుంచే కస్టమర్‌కు పంపే ఉద్దేశం ఉండి, ఆ జాబ్‌వర్కర్‌కు రిజిస్ట్రేషన్ లేకపోతే, అతని చిరునామాను మీ రిజిస్ట్రేషన్లో అదనపు వ్యాపార స్థలంగా ముందే చేర్చండి.
- జాబ్‌వర్కర్ జీఎస్టీ నంబరు పోర్టల్లో చెల్లుబాటులో ఉందో లేదో చూడండి. రద్దయిన నంబరుతో వచ్చిన బిల్లుకు క్రెడిట్ రాదు.

4. చలాన్ ఎలా రాయాలి

ఈ మొత్తం వ్యవహారంలో అసలు ఆధారం చలానే. దీన్ని యజమానే ఇవ్వాలి. సరుకు సప్లయర్ దగ్గర నుంచి నేరుగా జాబ్‌వర్కర్‌కు పోతున్నా చలాన్ యజమాని పేరుతోనే ఉండాలి. మూడు ప్రతులు తీయాలి: మొదటిది సరుకు అందుకునేవారికి, రెండోది రవాణాదారుకు, మూడోది పంపేవారికి.

చలాన్‌పై ఉండవలసినవి:

- వరుస నంబరు, తేదీ
- పంపేవారి, అందుకునేవారి పేర్లు, చిరునామాలు, రిజిస్ట్రేషన్ ఉంటే జీఎస్టీ నంబర్లు
- సరుకు వివరణ, హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (సరుకు రకాన్ని తెలిపే అంకెల కోడ్)
- పరిమాణం
- సరుకు విలువ
- వేరే రాష్ట్రానికైతే సప్లై స్థలం
- సంతకం

‘సరుకు వివరణ’ గడిలో ‘మెటల్ పార్ట్స్’ అని రాసి వదిలేయడం మన దగ్గర పాతుకుపోయిన అలవాటు. డ్రాయింగ్ నంబరు, సైజు, పదార్థం, చేయవలసిన పని నాలుగూ రాయండి. ‘మైల్డ్ స్టీల్ బ్రాకెట్, 3 మి.మీ., 250 గ్రాములు, జింక్ ప్లేటింగ్ 8 మైక్రాన్లు, 2,000 పీసులు, 500 కిలోలు’ అని రాసిన చలాన్‌ను మూడేళ్ల తర్వాత వేరే అకౌంటెంట్ తెరిచినా అర్థమవుతుంది. బండికి అడ్డు తగిలిన అధికారికీ అంతే.

విలువ గడిలో రాయవలసింది సరుకు విలువ, ప్లేటింగ్ ఖర్చు కాదు. బ్రాకెట్ తయారీ ఖర్చు రూ.60 అయితే 2,000 పీసులకు రూ.1,20,000 రాయాలి. ‘విలువ లేదు, జాబ్‌వర్క్ కోసం మాత్రమే’ అన్న రబ్బరు స్టాంపు ఎన్నో చలాన్లపై చూశాను. అది చెల్లదు. సరుకు తిరిగిరావలసిన గడువు (తొమ్మిదో అంశం చూడండి) దాటితే పన్ను లెక్కించవలసింది ఆ విలువ మీదే.

5. ఈ-వే బిల్లు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో రాష్ట్రం లోపల సరుకు విలువ రూ.50,000 దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు పోర్టల్లో తీసే పత్రం) కావాలి. జాబ్‌వర్క్ సరుకు రాష్ట్రం దాటుతుంటే విలువ ఎంత తక్కువైనా తప్పనిసరి. దాన్ని యజమాని తీయవచ్చు, రిజిస్ట్రేషన్ ఉంటే జాబ్‌వర్కరూ తీయవచ్చు.

పోర్టల్లో పంపేటప్పుడు ‘ఔట్‌వర్డ్’ కింద ‘జాబ్‌వర్క్’, సరుకు వెనక్కి వచ్చేటప్పుడు ‘ఇన్‌వర్డ్’ కింద ‘జాబ్‌వర్క్ రిటర్న్స్’ ఎంచుకోండి. ‘సప్లై’ అని ఎంచుకుంటే అది అమ్మకంగా నమోదై, మీ అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లో ఆ అమ్మకం లేదేమని తర్వాత ప్రశ్న వస్తుంది.

ఇక్కడ ఒక అపోహ గట్టిగా పాతుకుని ఉంది. 50 కిలోమీటర్ల లోపు దూరానికి ఈ-వే బిల్లు అక్కర్లేదని చాలామంది నమ్ముతారు. ఆ సడలింపు పంపేవారి చోటు నుంచి ట్రాన్స్‌పోర్టు ఆఫీసు దాకా మాత్రమే, అదీ వాహనం వివరాలు రాసే రెండో భాగానికి మాత్రమే. బాలానగర్ నుంచి జీడిమెట్లకు ట్రాలీ ఆటోలో రూ.1,20,000 సరుకు పోతున్నా పూర్తి ఈ-వే బిల్లు ఉండాలి.

వాహనం నంబర్లో ఒకటి రెండు అంకెలు తారుమారైతే సరుకు మొత్తానికీ జరిమానా పడదు. అలాంటి చిన్న తప్పులకు రూ.1,000 జరిమానాతో సరిపెట్టాలని 2018లోనే సర్క్యులర్ వచ్చింది. అసలు బిల్లే లేకపోతే మాత్రం సెక్షన్ 129 కింద బండిని ఆపి, పన్నుకు రెండింతలు జరిమానా అడుగుతారు.

6. సరుకు తిరిగొచ్చే దారులు

అంతా ఒకేసారి వస్తే పని సులువు. మీరు పంపిన చలాన్ ప్రతి మీదే జాబ్‌వర్కర్ పరిమాణం, వివరణ రాసి సంతకం పెట్టి సరుకుతో పంపుతాడు.

విడతలుగా వస్తే అలా కుదరదు. 2,000 బ్రాకెట్లలో ఇవాళ 800, వచ్చే వారం 1,200 వస్తుంటే ప్రతి విడతకూ జాబ్‌వర్కర్ కొత్త చలాన్ ఇవ్వాలి. అందులో మీ మూల చలాన్ నంబరు, తేదీ తప్పకుండా ఉండాలి. ఒక్క విడతలో మూడు వేర్వేరు చలాన్ల సరుకు కలిసి వస్తే, ఏ చలాన్‌కు ఎన్ని పీసులో విడివిడిగా రాయించండి. ‘పాత బాకీ 350, కొత్తది 450’ అని నోటిమాటగా సర్దుకుంటే ఏడాది చివర ఏ చలాన్ మూసినట్టో, ఏది తెరిచి ఉన్నట్టో ఎవరికీ తెలియదు.

ఒక జాబ్‌వర్కర్ నుంచి మరొకరికి నేరుగా పంపవచ్చు. హార్డ్ క్రోమ్ అయిన షాఫ్టులు మీ ఫ్యాక్టరీకి రాకుండానే గ్రైండింగ్‌కు పోవచ్చు. అప్పుడు చలాన్ మీరే ఇవ్వవచ్చు, పంపే జాబ్‌వర్కరూ ఇవ్వవచ్చు, లేదా మీ మూల చలాన్‌పైనే రాసి పంపవచ్చు. ఏ దారి ఎంచుకున్నా ఏడాది గడువు మొదటి చలాన్ తేదీ నుంచే నడుస్తుంది. రెండో జాబ్‌వర్కర్ దగ్గరికి చేరిన రోజు నుంచి మళ్లీ మొదలుకాదు.

కస్టమర్‌కు నేరుగా పంపేటప్పుడు అమ్మకం బిల్లు మీరే వేయాలి. బిల్లులో, ఈ-వే బిల్లులో సరుకు బయలుదేరిన చోటుగా జాబ్‌వర్కర్ చిరునామా ఉండాలి. ఆ విలువ మీ టర్నోవర్లోకే వస్తుంది, అతని టర్నోవర్లోకి రాదు.

7. కిలోలా, పీసులా

లోహపు పూత పనిలో తప్పని చిక్కు ఇది. సరుకు పోయిన బరువుతో తిరిగిరాదు. పికిలింగ్‌లో, అంటే పూతకు ముందు తుప్పు తీసే పనిలో, ఆసిడ్ కొంత లోహాన్ని తినేస్తుంది, పూత కొంత బరువు చేరుస్తుంది.

8 మైక్రాన్ల జింక్ ప్లేటింగ్‌లో చిన్న బోల్టులపై చేరే బరువు చాలా స్వల్పం. తూకంలో కనిపించినా కనిపించకపోయినా ఒకటే. గాల్వనైజింగ్‌లో అలా కాదు. 5 మి.మీ. మందం ఉన్న 1,000 కిలోల స్టీలు పలకలకు రెండు వైపులా కలిపి సుమారు 51 చదరపు మీటర్ల వైశాల్యం ఉంటుంది. చదరపు మీటరుకు 610 గ్రాముల పూత అడిగితే 31 కిలోల జింకు చేరుతుంది. పంపింది 1,000 కిలోలు, వచ్చింది 1,031 కిలోలు. గాల్వనైజింగ్ షాపుల్లో పూతకు ముందు తూకాన్ని బ్లాక్ వెయిట్ అనీ, తర్వాతి తూకాన్ని వైట్ వెయిట్ అనీ అంటారు. బిల్లు దేని మీదో ఆర్డర్లోనే రాసుకోవాలి.

నేను లెక్కలు చూసే ఒక చోట జరిగింది చెబుతాను. చలాన్‌పై ‘బోల్టులు, 500 కిలోలు’ అని పోయింది. ప్లేటింగ్ షాపు తిరిగి పంపిన చలాన్‌పై ‘24,800 పీసులు’ అని వచ్చింది. ఐటీసీ-04 వేసేటప్పుడు రెండూ పక్కపక్కన పెడితే ఏది దేనికి సమానమో తెలియలేదు. చివరికి గిడ్డంగిలో ఒక సంచి విప్పి, 100 బోల్టులు లెక్కపెట్టి త్రాసులో వేశాం: సరిగ్గా 2 కిలోలు. అంటే బోల్టు 20 గ్రాములు, పోయినవి 25,000, తక్కువపడినవి 200. ఆ 200 ఎక్కడున్నాయని అడిగితే షాపువాళ్లు నెలాఖరులో ట్యాంకు దింపి, అడుగున బురదలో కూరుకున్నవి గుప్పెడు తెచ్చిపెట్టారు. బారెల్ (బోల్టులు వేసి ట్యాంకులో తిప్పే డ్రమ్ము) రంధ్రాల్లో ఇరుక్కుని వంకరపోయినవి ఇంకొన్ని దొరికాయి.

అప్పటి నుంచి మేము పాటిస్తున్న పద్ధతి ఇది:

- చలాన్‌పై కిలోలు, పీసులు రెండూ రాయడం
- ఐటీసీ-04లో మాత్రం ఒక్క కొలమానమే వాడడం. పంపిన దానికి ఏది రాస్తే తిరిగొచ్చిన దానికీ అదే
- పీసులుగా లెక్కపెట్టగలిగిన సరుకుకు ఎప్పుడూ పీసులే రాయడం, పూత బరువును మార్చినా సంఖ్యను మార్చలేదు గనుక
- తక్కువపడిన పీసులకు ఆ నెలలోనే జాబ్‌వర్కర్ సంతకంతో లేఖ తీసుకోవడం

8. జాబ్‌వర్కర్ బిల్లు, మీ క్రెడిట్

పని పూర్తయిన 30 రోజుల్లోగా బిల్లు వేయాలి. పై బ్రాకెట్ల ఉదాహరణలో కిలోకు రూ.18 చొప్పున 500 కిలోలకు రూ.9,000, సీజీఎస్టీ రూ.810, ఎస్‌జీఎస్టీ రూ.810, మొత్తం రూ.10,620. పన్ను పడేది ఈ రూ.9,000 మీదే, సరుకు విలువ రూ.1,20,000 మీద కాదు. బిల్లులో చలాన్ నంబర్లు ఉండాలి.

జాబ్‌వర్కర్ టర్నోవర్ రూ.5 కోట్లు దాటి ఉంటే ఈ-ఇన్వాయిస్ (ప్రభుత్వ పోర్టల్లో నమోదైన బిల్లు) తప్పనిసరి. అది లేని బిల్లు చెల్లుబాటు కాదు. చలాన్‌కు ఈ-ఇన్వాయిస్ అక్కర్లేదు.

చిన్న ప్లేటింగ్ షాపులు మూడు నెలలకోసారి రిటర్ను వేస్తుంటాయి. అలాంటప్పుడు ఏప్రిల్ బిల్లు మీ జీఎస్టీఆర్-2బీలో (మీకు రాగల క్రెడిట్‌ను చూపే నెలవారీ పట్టికలో) జూలైలో గానీ కనిపించదు. ఆ మూడు నెలల్లో మొదటి రెండు నెలల బిల్లులను తర్వాతి నెల 13వ తేదీలోగా ఇన్వాయిస్ ఫర్నిషింగ్ ఫెసిలిటీలో ఎక్కించమని అడగండి. అడిగితే చేస్తారు, అడగకపోతే తోచదు.

బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో సొమ్ము చెల్లించకపోతే తీసుకున్న క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి ఇవ్వాలి. చెల్లించాక మళ్లీ తీసుకోవచ్చు. ఇక రిజిస్ట్రేషన్ లేని జాబ్‌వర్కర్ బిల్లుపై మీరు రివర్స్ చార్జ్ (అమ్మేవారికి బదులు కొనేవారే కట్టే పన్ను) కట్టవలసిన పని లేదు.

9. గడువు దాటితే

ముడిసరుకు, సగం తయారైన సరుకు 1 సంవత్సరంలోగా, యంత్రాల వంటి క్యాపిటల్ గూడ్స్ 3 సంవత్సరాల్లోగా వెనక్కి రావాలి, లేదా అక్కడి నుంచే అమ్ముడుపోవాలి. మీరిచ్చిన జిగ్గులు, ఫిక్చర్లు, అచ్చులు, పనిముట్లకు ఈ గడువు లేదు. సప్లయర్ నుంచి నేరుగా పోయిన సరుకుకు, జాబ్‌వర్కర్ అందుకున్న తేదీ నుంచి గడువు లెక్కించాలి. తగిన కారణం ఉంటే కమిషనర్ ముడిసరుకుకు మరో ఏడాది వరకూ, క్యాపిటల్ గూడ్స్‌కు మరో 2 ఏళ్ల వరకూ పొడిగించవచ్చు.

పొడిగింపు లేకుండా గడువు దాటితే, సరుకు పంపిన రోజునే అమ్మినట్టు చట్టం భావిస్తుంది. 2024 మే 10న పంపిన బ్రాకెట్లలో 400 రాలేదనుకుందాం. 2025 మేలో గడువు ముగిసింది గనుక ఆ నెల రిటర్నులో రూ.24,000 విలువకు బిల్లు చూపి, 18 శాతం అంటే రూ.4,320 పన్ను కట్టాలి. వడ్డీ 2024 మే నెల పన్ను గడువైన 2024 జూన్ 20 నుంచి లెక్కపడుతుంది. 2025 జూన్ 20న కడితే సుమారు రూ.778.

ఆ తర్వాత సరుకు తిరిగొస్తే, దాన్ని జాబ్‌వర్కర్ మీకు అమ్మినట్టు చూడాలి. రిజిస్ట్రేషన్ ఉంటే అతను బిల్లు వేసి పన్ను కట్టాలి. ‘ఆలస్యమైనా వచ్చింది కదా’ అని మామూలు చలాన్ మీద దించుకోకండి.

పది నెలలు దాటిన చలాన్ల జాబితాను ప్రతి నెలా 1వ తేదీన తీసి ప్లేటింగ్ షాపుకు పంపించడం ఉత్తమం. రెండు నెలల వ్యవధి ఉంటే మూలన పడి ఉన్న సరుకు దొరుకుతుంది.

10. తుక్కు, బురద, పాడైన పీసులు

మీ సరుకులోంచి వచ్చిన తుక్కు మీదే. రిజిస్ట్రేషన్ ఉన్న జాబ్‌వర్కర్ అక్కడి నుంచే పన్ను వేసి అమ్మవచ్చు. రిజిస్ట్రేషన్ లేకపోతే మీరే బిల్లు వేసి అమ్మాలి. 2024 అక్టోబర్ 10 నుంచి రిజిస్ట్రేషన్ లేనివారి దగ్గర లోహపు తుక్కు కొనే రిజిస్టర్డ్ వ్యాపారి రివర్స్ చార్జ్‌పై పన్ను కట్టాలి. రిజిస్టర్డ్ వ్యాపారుల మధ్య ఒప్పందం విలువ రూ.2.5 లక్షలు దాటితే కొనేవారు చెల్లించే సొమ్ములోంచే 2 శాతం జీఎస్టీ టీడీఎస్ పట్టాలి. అరిగిపోయిన ఆనోడ్ ముక్కలు జాబ్‌వర్కర్ సొంతం గనుక ఈ లెక్కలోకి రావు.

శుద్ధి ప్లాంటులో మిగిలే బురదను దుండిగల్, పరవాడల్లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రాలకు పంపడానికి అయ్యే ఖర్చు జాబ్‌వర్కర్‌కు వ్యాపార ఖర్చే. దానిపై కట్టిన జీఎస్టీ క్రెడిట్ తీసుకోవచ్చు.

పూత ఊడిన సరుకును మళ్లీ ప్లేటింగ్‌కు పంపేటప్పుడు కొత్త చలాన్ వేసి, ‘రీప్లేటింగ్’ అని రాసి, పాత చలాన్ నంబరు చూపండి. పనికిరాకుండా పోయిన పీసులకు రెండు దారులున్నాయి. అవి పూర్తిగా నాశనమై రాసివేసినవైతే వాటి ముడిసరుకుపై తీసుకున్న క్రెడిట్‌ను సెక్షన్ 17(5)(హెచ్) ప్రకారం వెనక్కి ఇవ్వాలి. అవి జాబ్‌వర్కర్ దగ్గరే ఉండిపోయి, మీరు ఖరీదు కోసుకుంటే, నష్టపరిహారం అని పేరు పెట్టకుండా అమ్మకం బిల్లు వేయడమే సురక్షితం.

11. ఐటీసీ-04

యజమాని టర్నోవర్ రూ.5 కోట్లు దాటితే ఏడాదికి రెండుసార్లు: ఏప్రిల్–సెప్టెంబర్ లెక్క అక్టోబర్ 25లోగా, అక్టోబర్–మార్చి లెక్క ఏప్రిల్ 25లోగా. రూ.5 కోట్లు, అంతకంటే తక్కువైతే ఏడాదికి ఒక్కసారి ఏప్రిల్ 25లోగా. దాఖలు చేయవలసింది యజమానే. జాబ్‌వర్కర్‌కు ఈ ఫారంతో పని లేదు.

- పట్టిక 4: పంపిన సరుకు
- పట్టిక 5ఏ: పంపిన జాబ్‌వర్కర్ దగ్గర నుంచే తిరిగొచ్చింది, నష్టం, వ్యర్థంతో సహా
- పట్టిక 5బీ: వేరే జాబ్‌వర్కర్ దగ్గర నుంచి వచ్చింది
- పట్టిక 5సీ: జాబ్‌వర్కర్ చోటు నుంచే అమ్మింది

గ్రైండింగ్‌కు పోయి అక్కడి నుంచి వచ్చిన షాఫ్టులను 5ఏలో రాయడం అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు. అవి 5బీలోకి రావాలి.

ఫారం వేసే ముందు సరిచూసుకోవలసినవి:

- పట్టిక 4లోని చలాన్ల సంఖ్య, జీఎస్టీఆర్-1 పట్టిక 13లో జాబ్‌వర్క్ చలాన్ల కింద చూపిన సంఖ్యతో కలుస్తోందా?
- పోర్టల్లో ‘జాబ్‌వర్క్’ కింద తీసిన ప్రతి ఈ-వే బిల్లుకూ ఒక చలాన్ ఉందా?
- ప్రతి జాబ్‌వర్క్ బిల్లులోని పరిమాణం, ఆ చలాన్ కింద తిరిగొచ్చిన పరిమాణంతో సరిపోతోందా?
- పంపిన దానిలోంచి తిరిగొచ్చింది, అమ్మింది, నష్టం తీసేస్తే మిగిలింది, మార్చి 31న జాబ్‌వర్కర్ సంతకం చేసిన నిల్వ పత్రంతో కుదురుతోందా?
- గడువు దాటినవి ఉంటే జీఎస్టీఆర్-1లో చూపారా? వాటిని వార్షిక రిటర్ను జీఎస్టీఆర్-9లోని పట్టిక 16బీ కోసం గుర్తుపెట్టుకున్నారా?

నాలుగో ప్రశ్నకు జవాబు ఏప్రిల్లో వెతికితే దొరకదు. మార్చి 31 సాయంత్రం ఒక మనిషిని త్రాసుతో సహా ప్లేటింగ్ షాపుకు పంపి, ర్యాకులపై వేలాడుతున్నవీ, బారెళ్లలో ఉన్నవీ, ప్యాకింగ్ బల్ల మీద ఉన్నవీ లెక్కపెట్టించి, కాగితం మీద ఇద్దరి సంతకాలూ తీసుకుని రమ్మనండి.